కార్బన్ ఫ్రేము ఎన్నాళ్లు ఆగుతుంది? స్టీలు, అల్యూమినియంతో పోల్చి చూసిన మరమ్మతు డైరీ

బెంచి మీద మూడు ఫ్రేములున్నాయి. మూడూ రోడ్డు సైకిళ్లవి, మూడూ పగిలినవి.

1. కార్బన్ (కార్బన్ పోగుల పొరలను ఎపాక్సీ అనే జిగురుతో అంటించి చేసింది), 1,080 గ్రా. టాప్ ట్యూబు (సీటుకూ హ్యాండిల్‌కూ మధ్య పైనుండే గొట్టం) కుడి పక్కన 22 మి.మీ. పగులు. పడినప్పుడు హ్యాండిల్ గిర్రున తిరిగి తగిలిన చోటు.
2. అల్యూమినియం (6061 రకం), 1,620 గ్రా. డౌన్ ట్యూబు (ముందునుంచి పెడళ్ల దాకా దిగే గొట్టం), హెడ్ ట్యూబు (హ్యాండిల్ కింద నిలువుగా ఉండే పొట్టి గొట్టం) కలిసే వెల్డింగు పక్కన 14 మి.మీ. సన్నటి గీత. దెబ్బేమీ లేదు, తొక్కీ తొక్కీ వచ్చిన పగులు.
3. క్రోమోలీ స్టీలు (4130 రకం), 2,140 గ్రా. కుడి చైన్‌స్టే (పెడళ్ల దగ్గరనుంచి వెనక చక్రం ఇరుసు దాకా పోయే గొట్టం), పెడల్ ఇరుసు పట్టే గొట్టం దగ్గర సగం చుట్టు పగిలింది.

మూడింటినీ తిరుపతిలో చేయగలిగిన పనితో బాగు చేసి, ఒకే బరువుతో కొలిచి, ఒకే యంత్రం మీద లాగి చూడాలన్నది పని. కార్బన్ గాజులాంటిదని భయపెట్టేవాళ్లూ, దానికి చావే లేదని అమ్మేవాళ్లూ అంకెలు చెప్పరు. ఇక్కడ అంకెలే ఉంటాయి.

దశ 1: కొలత బెంచి

వెనక చక్రం ఇరుసు పట్టే చోట ఫ్రేమును యాంగిల్ ఐరన్ స్టాండుకు బిగించాలి. హెడ్ ట్యూబులోంచి అటూ ఇటూ చొచ్చుకొచ్చేలా ఒక కడ్డీ వేసి, దాని మధ్యనుంచి పక్కకు 500 మి.మీ. దూరంలో 10 కిలోల బరువు వేలాడదీయాలి. హెడ్ ట్యూబును మెలిపెట్టే బలం సుమారు 49 న్యూటన్ మీటర్లు. మధ్యనుంచి 200 మి.మీ. దూరంలో డయల్ గేజ్ (ఎంత జరిగిందో మిల్లీమీటర్లలో చూపేది) ముల్లు ఆనించాలి. ఆ దూరంలో ఒక డిగ్రీ మెలిక అంటే 3.49 మి.మీ. కాబట్టి గేజ్ అంకెతో 171ని (49 × 3.49) భాగిస్తే, ఫ్రేమును ఒక డిగ్రీ తిప్పడానికి ఎన్ని న్యూటన్ మీటర్లు కావాలో వస్తుంది.

ముందు స్టాండును ప్లైవుడ్ బల్లకు బిగించి చూస్తే ఏ ఫ్రేము పెట్టినా దాదాపు ఒకే అంకె వచ్చింది. వంగుతున్నది ఫ్రేము కాదు, బల్ల. స్టాండును సిమెంటు నేలకు యాంకర్ బోల్టులతో దించి, గేజ్ మాగ్నెటిక్ స్టాండును వేరే ఇనప దిమ్మ మీద పెట్టాక తేడాలు తేలాయి. గేజ్‌ను, ఫ్రేమును ఒకే స్టాండుకు తగిలించకూడదు.

కొలిచే వరస:

1. బరువు ఒకసారి వేసి తీసేయాలి. బిగింపులు సర్దుకుంటాయి, ఆ అంకె లెక్కలోకి రాదు.
2. గేజ్‌ను సున్నా చేసి మళ్లీ వేయాలి. నిమిషం ఆగి చదవాలి.
3. మూడు అంకెలు తీసుకోవాలి. వాటి మధ్య తేడా 0.03 మి.మీ. దాటితే ఎక్కడో బిగింపు వదులు.
4. ట్యూబు మీది వేడి పక్కన రాసుకోవాలి. ఇది ఎందుకో దశ 5లో తెలుస్తుంది.

మరమ్మతుకు ముందు అంకెలు:

కార్బన్: 2.51 మి.మీ., అంటే డిగ్రీకి 68.1
అల్యూమినియం: 2.05 మి.మీ., 83.4
స్టీలు: 2.70 మి.మీ., 63.3

అల్యూమినియం అంకె చూడండి. పగులు ఉండగానే మూడింట్లో అదే గట్టిగా కనిపిస్తోంది. బిగువు (వంగకుండా, మెలిపడకుండా ఉండే గుణం) వేరు, బలం వేరు. తొక్కేటప్పుడు ఫ్రేము ఊగడం లేదు కాబట్టి బాగానే ఉందని అనుకోవడానికి వీల్లేదని ఈ ఒక్క అంకె చెబుతోంది.

ఖర్చు: డయల్ గేజ్, స్టాండు 1,450, యాంగిల్ ఐరన్, కోత, వెల్డింగు 900, వేలాడదీసే డిజిటల్ కాటా 350. ఇప్పటిదాకా మొత్తం రూ. 2,700.

దశ 2: పగులు ఎంత దూరం పాకింది

కార్బన్‌లో పైకి కనిపించే గీత అసలు నష్టంలో ఒక ముక్క. పొరల మధ్య జిగురు విడిపోయి లోపల ఇంకా దూరం పాకి ఉంటుంది. దాన్ని పట్టడానికి సరైన సాధనం అల్ట్రాసోనిక్ పరికరం. అది లేనప్పుడు రూపాయి బిళ్ల.

1. ట్యూబు మీద తెల్ల మార్కరుతో 10 మి.మీ. గళ్లు గీయాలి.
2. బిళ్ల అంచుతో ఒక్కో గడిలో మెల్లగా తట్టాలి. ఫ్యాను ఆపేయాలి.
3. గట్టి పొర మీద 'టిక్' మని పొడిగా మోగుతుంది. విడిపోయిన పొర మీద 'డబ్' మని అణిగిపోతుంది. అణిగిన గడికి అడ్డగీత.
4. అడ్డగీతల చివర్లు కలిపితే నష్టం పటం వస్తుంది.

గీత పొడవు 22 మి.మీ.; పటంలో నష్టం పొడవు 24 మి.మీ., చుట్టుకొలతలో 38 మి.మీ. అంటే పగులు ముందుకు పాకలేదు, చుట్టూ పాకింది.

ఈ పద్ధతికి ఒక చిక్కుంది. మందం మారే చోట, అంటే హెడ్ ట్యూబు దగ్గర, సీటు ట్యూబు అతుకు దగ్గర, మంచి కార్బన్ కూడా వేరే శబ్దమే చేస్తుంది. అందుకే అక్కడి శబ్దాన్ని ట్యూబు మధ్య శబ్దంతో పోల్చకూడదు. ఎడమ పక్క అదే చోట తట్టి ఆ రెంటినీ పోల్చాలి.

మెటల్ ఫ్రేములకు ఇంత తంటా లేదు. డై పెనెట్రెంట్ స్ప్రే డబ్బాలు వెల్డింగు సామాన్ల అంగళ్లలో దొరుకుతాయి. పెయింటు గీకి, ఎర్ర రంగు కొట్టి, తుడిచి, తెల్ల పొడి కొడితే పగులు ఎర్రగా బయటపడుతుంది.

దశ 3: సుత్తి దెబ్బ

పాత సామాను అంగడి నుంచి మూడు రకాల టాప్ ట్యూబు ముక్కలు, ఒక్కొక్కటి 200 మి.మీ. అర కిలో సుత్తి తలను 600 మి.మీ. ఎత్తు నుంచి పీవీసీ గొట్టంలోంచి జారవిడిచాం. దెబ్బ శక్తి సుమారు 3 జౌళ్లు. పార్కింగులో సైకిల్ పక్కకు ఒరిగి రాతి అంచుకు తగిలినా ఈపాటి దెబ్బ పడొచ్చు.

స్టీలు ముక్క: వేలితో తడిమితే తెలిసే చిన్న సొట్ట. పగులు లేదు.
అల్యూమినియం ముక్క: కంటికి కనిపించే లోతైన సొట్ట. పగులు లేదు.
కార్బన్ ముక్క: బయట దాదాపు ఏమీ లేదు. పైపూత మీద గోరంత నక్షత్రం గీత.

ఇక్కడ ఆగి చూడాలి. కార్బన్ ముక్కలో టార్చి పెట్టి అవతల చివరనుంచి చూస్తే, దెబ్బ తగిలిన చోటికి సరిగ్గా అడుగున, లోపలి పొరలో పోగులు తెగి ముళ్లలా లేచి ఉన్నాయి. బయట గోరంత గుర్తు, లోపల బొటనవేలంత గాయం. బిళ్లతో తడితే అణిగిన శబ్దం ఆ గుర్తుకు అన్ని పక్కలా వినిపించింది. దెబ్బ పడిన పక్క నొక్కుకుంటుంది, లోపలి పక్క సాగుతుంది. ఎపాక్సీకి సాగే గుణం తక్కువ కాబట్టి తెగేది లోపలే.

మెటల్ దెబ్బను సొట్టగా రాసి చూపిస్తుంది. కార్బన్ దాచుకుంటుంది. మన్నికలో ఈ రెంటికీ అసలు తేడా బలంలో కాదు, ఈ దాపరికంలో ఉంది. బలం లెక్క కడితే కార్బన్‌దే పైచేయి. సైకిళ్లలో మామూలుగా వాడే టీ700 పోగు లాగుడు బలం 4,900 మెగాపాస్కల్‌లు, బిగువు 230 గిగాపాస్కల్‌లు. స్టీలు బిగువు 205 దగ్గర, అల్యూమినియం 69. పైగా పోగూ జిగురూ కలిసిన కార్బన్ ఘన సెంటీమీటరుకు 1.6 గ్రాములే, స్టీలు 7.85, అల్యూమినియం 2.7. అయితే ఆ 4,900 పోగు నిలువునా లాగితేనే. అడ్డంగా లాగితే నిలబడాల్సింది పోగు కాదు, జిగురు.

ఖర్చు: ముక్కలకు 300. మొత్తం రూ. 3,000.

దశ 4: వాలు కోత, కొత్త పొరలు

జాగ్రత్త ముందు చెప్పాలి. కార్బన్ దుమ్ము చర్మంలో దిగితే దురద, ఊపిరితిత్తుల్లోకి పోతే చేటు. అది కరెంటును కూడా పారనిస్తుంది. స్విచ్‌బోర్డు దగ్గర యాంగిల్ గ్రైండరు వాడితే షార్టు కావచ్చు. కాబట్టి తడి ఎమరీ, చేత్తోనే. ఎన్95 మాస్కు, నైట్రైల్ గ్లోవ్స్ తప్పనిసరి. హార్డెనర్ (ఎపాక్సీని గట్టిపరిచే రెండో ద్రవం) చేతికి పదే పదే అంటితే ఎలర్జీ పట్టుకుంటుంది, ఒకసారి పడితే వదలదు.

ట్యూబు గోడ మందం 1.2 మి.మీ., వ్యాసం 33 మి.మీ., చుట్టుకొలత 104 మి.మీ. పగులుకు రెండు వైపులా గోడను ఏటవాలుగా అరగదీయాలి. మందానికి 40 రెట్లు పొడవు, అంటే ఒక్కో వైపు 48 మి.మీ. వాలు పొట్టిగా ఉంటే బరువంతా అతుకు అంచు మీద పడి అక్కడే ఊడొస్తుంది. పగులు మీద తిన్నగా ప్యాచీ అంటించి పెయింటు కొట్టిన మరమ్మతులు ఊడిపోయేది ఇందుకే.

1. పెయింటు, పైపూత 120 నంబరు ఎమరీతో తీసేయాలి. నల్ల పోగు కనబడగానే ఆగాలి.
2. పగులు దగ్గర లోతుగా, చివర్లకు పోయేకొద్దీ పలచగా అరగదీయాలి. అరిగే కొద్దీ పొరలు చెట్టు మొద్దు కోతలోని వలయాల్లా బయటపడతాయి. వలయాల మధ్య దూరం సమానంగా ఉంటే వాలు సరిగా వచ్చినట్టు.
3. లోపలి చివరి పొర, 0.2 మి.మీ., వదిలేయాలి. కొత్త పొరలకు అదే అచ్చు. అది కూడా తెగి వేలాడుతుంటే లోపల అచ్చుగా గాలి ఊదిన బుడగ పెట్టాల్సి వస్తుంది. అది వేరే పని.
4. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి. తుడిచాక చెయ్యి తగలకూడదు.

కార్బన్ గుడ్డ తిరుపతిలో దొరకదు, కొరియర్‌లో తెప్పించాలి. తీసుకున్నది చదరపు మీటరుకు 200 గ్రా. బరువున్న ఒకే దిశ పోగుల రకం. చేత్తో తడిపితే సగం పోగు, సగం జిగురు వస్తుందనుకుంటే ఒక్కో పొర మందం 0.22 మి.మీ. కాబట్టి 1.2కి ఆరు పొరలు. పొడవులు 40, 60, 80, 100, 120, 140 మి.మీ. దిశలు (0° అంటే ట్యూబు పొడవు వెంట) లోపలినుంచి: +45°, −45°, 0°, 0°, +45°, −45°. టాప్ ట్యూబుకు మెలికా ఉంటుంది, నిలువు లాగుడూ ఉంటుంది, అందుకే రెండు రకాలూ. అన్నీ 0° వేస్తే చూడ్డానికి బాగుంటుంది, మెలికకు మాత్రం నిలవదు.

గుడ్డ మొత్తం 0.056 చదరపు మీటర్లు, 11 గ్రా. అందులో నిలిచే జిగురు 7 గ్రా. బ్రష్షుకూ గిన్నెకూ పోయేది కలిపితే 20 గ్రా. ఎపాక్సీ, 2 గ్రా. హార్డెనర్ (ఈ రకానికి బరువులో 100కి 10, మీ డబ్బా మీద ఏది రాసుంటే అదే). వంటింటి కాటా ఒక గ్రాము అటూ ఇటూ చూపిస్తుంది. రెండు గ్రాముల్లో ఒక గ్రాము తేడా అంటే సగం పోయినట్టే. బంగారు అంగళ్లలో వాడే 0.01 గ్రా. చిన్న కాటా కావాలి.

ఎండాకాలం ఇక్కడ మధ్యాహ్నం ఈ పని పెట్టుకోవద్దు. 38° దగ్గర కలిపిన జిగురు గిన్నెలోనే వేడెక్కి, గుడ్డ సగం తడిసేసరికి పాకం పట్టి, తర్వాత పొగ వస్తుంది. తెల్లవారుజామున కలపాలి, కలిపిన వెంటనే వెడల్పాటి పళ్లెంలో పలచగా పోయాలి. ముద్దగా ఉంటే వేడి బయటికి పోక తనను తాను ఉడికించుకుంటుంది. ఈశాన్య రుతుపవనాల వానల్లో చిక్కు వేరు: గాలిలో తేమకు ఈ రకం హార్డెనర్ పైన మైనం లాంటి జిడ్డు వదులుతుంది. దాన్ని నీళ్లతో కడిగాకే ఎమరీ పట్టాలి. కడక్కుండా రుద్దితే జిడ్డు లోపలికి తోస్తాం, పై పూత పట్టదు.

పొరలు వేశాక పీల్ ప్లై గుడ్డ (జిగురు గట్టిపడ్డాక ఊడదీసేది), దానిమీద చిల్లుల ప్లాస్టిక్ షీటు, ఆపైన పాత సైకిల్ ట్యూబును 25 మి.మీ. పట్టీలుగా కోసి బిగువుగా చుట్టాలి. ఇదే ఒత్తిడి. ఎక్కువైన జిగురు చిల్లుల్లోంచి బయటికొస్తుంది.

మొదటి అతుకు ఇక్కడే పోయింది. పట్టీని ఒక చివరనుంచి మొదలుపెట్టి ఇంకో చివరకు చుట్టడంతో, తడి గుడ్డ పట్టీ ముందు తోసుకుంటూ జరిగి, చివర మూడు మడతలు పడింది. విప్పి చూస్తే మడత ఎత్తు 0.8 మి.మీ. పైన రుద్ది నున్నగా చేయొచ్చు, చేస్తే చూసేవాళ్లకు తెలియదు కూడా. కానీ మడతలో పోగు వంకర తిరిగి ఉంటుంది, నొక్కుడు పడగానే అక్కడే విరుగుతుంది. మొత్తం అరగదీసి మళ్లీ వేయాల్సి వచ్చింది. మార్చింది రెండే: పట్టీ మధ్యలో మొదలుపెట్టి ముందు ఒక పక్కకు, తర్వాత ఇంకో పక్కకు చుట్టడం, మొదటి చుట్టు వదులుగా, దానిమీది చుట్టు బిగువుగా. రెండో అతుకు మడత లేకుండా వచ్చింది.

బరువు లెక్క: మొదట 1,080. పెయింటు, అరగదీత తర్వాత 1,066. పొరలతో 1,085. అంచులు సాపు చేశాక 1,083 గ్రా.

ఖర్చు: గుడ్డ అర చదరపు మీటరు 1,600, ఎపాక్సీ, హార్డెనర్ 1,050, పీల్ ప్లై, చిల్లుల షీటు 450, మాస్కు, గ్లోవ్స్ 380, ఎమరీ 160, చిన్న కాటా 450. మొత్తం రూ. 7,090.

దశ 5: ఎండలో మెత్తబడ్డ అతుకు

పొద్దున 28° దగ్గర కొలిస్తే 2.00 మి.మీ. (డిగ్రీకి 85.5). పని అయిపోయిందనిపించే అంకె. అదే ఫ్రేమును మే నెల మధ్యాహ్నం గోడకు ఆనించి ఎండలో పెట్టాం. గాలి 41°, నల్ల అతుకు మీద అంటించిన థర్మామీటరు 66° చూపించింది. అప్పటికప్పుడు కొలిస్తే 2.31 మి.మీ. (74.0). అతుకు మీద గోరు గట్టిగా నొక్కితే గుర్తు పడుతోంది.

గది వేడిలో గట్టిపడిన ఎపాక్సీ, తాను గట్టిపడిన వేడికి కొంచెం పైన మెత్తబడుతుంది. చల్లటి ఊళ్లలో చేసినవాళ్లు రాసిన పద్ధతులు ఇక్కడ తప్పేది ఈ మెట్టు దగ్గరే. ఫ్యాక్టరీ ఫ్రేములకు ఈ బాధ లేదు. వాటి జిగురును చాలా ఎక్కువ వేడిలో ఉడికిస్తారు. చేతి అతుక్కి ఆ వేడి మనమే ఇవ్వాలి.

వేడి పెట్టె:

1. ఫ్రేము పట్టేంత అట్టపెట్టె, లోపల వంటింటి అల్యూమినియం ఫాయిల్.
2. 100 వాట్ల పాత రకం బల్బులు రెండు, అడుగున. ట్యూబుకు 150 మి.మీ. దగ్గరికి రాకూడదు.
3. బల్బుకూ ట్యూబుకూ మధ్య ఫాయిల్ చుట్టిన అట్ట అడ్డం. అది లేకపోతే బల్బు వైపు 80° దాటుతుంది, అవతల 55° దగ్గరే ఆగుతుంది.
4. థర్మోస్టాట్ ప్రోబును అతుకు మీదే టేపుతో అంటించాలి, గాలిలో వేలాడదీయకూడదు.
5. గంటకు 10° చొప్పున 70° దాకా పెంచాలి. ఒక్కసారిగా పెంచితే గట్టిపడేలోపే మెత్తబడి ఆకారం జారుతుంది. పట్టీలు కట్టే ఉంచాలి.
6. 70° దగ్గర 8 గంటలు. ఆపేసి పెట్టె మూతతోనే చల్లారనివ్వాలి.
7. మంట అంటుకునే సరుకు కాబట్టి దగ్గర మనిషి ఉండాలి.

తర్వాత మళ్లీ ఎండలో, 66° దగ్గర: 2.03 మి.మీ. (84.2). చల్లగా ఉన్నప్పుడు 1.98 (86.4). గోటి గుర్తు పడలేదు.

అతుకు వేసిన ట్యూబుకు నల్ల రంగు వద్దు. తెల్ల పెయింటు కింద అదే ఎండలో వేడి బాగా తక్కువ. ఎండలో నిలిపిన కారు డిక్కీలో ఈ ఫ్రేమును వదిలేయడం కూడా వద్దు.

ఖర్చు: బల్బులు, హోల్డర్లు 260, థర్మోస్టాట్ 180, ఫాయిల్ 60. మొత్తం రూ. 7,590.

దశ 6: స్టీలు, అల్యూమినియం

స్టీలు పని గంటలో అయింది. పగులు చివర 2 మి.మీ. రంధ్రం, ఆకురాయితో వి ఆకారం గాడి, గ్యాస్ మంటతో ఇత్తడి వెల్డింగు. ఇత్తడి 900° దగ్గర కరుగుతుంది, స్టీలు కరగదు. వెల్డరుకు చెప్పాల్సిన మాట ఒక్కటే: అయ్యాక నీళ్లు పోయొద్దు, తడిగుడ్డ వేయొద్దు. 4130ని ఒక్కసారిగా చల్లారిస్తే పెళుసు అవుతుంది. లోపల తుప్పు రాకుండా ట్యూబులోకి అవిసె నూనె పోసి, అన్ని పక్కలా తిప్పి ఒంచేయాలి. బరువు 2,152 గ్రా., గేజ్ 2.66 (64.3).

అల్యూమినియం టిగ్ వెల్డింగు చూడ్డానికి మూడింట్లోకీ చక్కగా వచ్చింది. 1,624 గ్రా., 2.03 మి.మీ. (84.2). అయినా దీనిమీద నమ్మకం పెట్టుకోలేదు, కారణం ఇది. 6061 బలం వేడి చికిత్సతో వచ్చింది. వెల్డింగు వేడికి అతుకు పక్కన వేలెడు మేర ఆ బలం దాదాపు సగానికి పడిపోతుంది. తిరిగి రావాలంటే ఫ్రేము మొత్తాన్ని 530° దగ్గర కొలిమిలో పెట్టి, నీళ్లలో ముంచి, మళ్లీ 170° దగ్గర గంటల తరబడి ఉంచాలి. ఆ ముంచడంలో ఫ్రేము వంకరపోతే సరిచేసే జిగ్గు (పట్టి ఉంచే చట్రం) కావాలి. ఇదంతా ఫ్యాక్టరీ పని.

ఖర్చు: స్టీలుకు 300, అల్యూమినియంకు 500. మొత్తం రూ. 8,390.

దశ 7: లాగుడు యంత్రం

పాత కారు వైపర్ మోటారు, 12 వోల్టుల సప్లయి, 30 మి.మీ. క్రాంకు, మధ్యలో స్ప్రింగు. పెడల్ ఉండే చోట వేసిన ఇనప చేతిని కిందికి లాగి వదులుతుంది. వేలాడే కాటాతో చూస్తే గరిష్ఠ లాగుడు 40 కిలోలు, అంటే 392 న్యూటన్లు. ఫ్రేము ముందు వైపు పెట్టిన డమ్మీ ఫోర్కు కింద బేరింగు పెట్టాలి, ముందుకు వెనక్కి జరగాలి. అక్కడ బిగిస్తే ఫ్రేముకు రోడ్డు మీద పడని బరువు పడుతుంది.

లెక్కపెట్టడానికి సైకిల్ మీటరు వాడాం: క్రాంకు మీద మాగ్నెట్, పక్కన సెన్సరు. చక్రం చుట్టుకొలత 1,000 మి.మీ. అని పెడితే ఒక లాగుడు ఒక మీటరు. కానీ మోటారు నిమిషానికి 45 తిరుగుతుంది కాబట్టి వేగం గంటకు 2.7 కి.మీ. వస్తుంది. ఇంత తక్కువ వేగాన్ని మీటరు సున్నా అనుకుని నిద్రపోయింది. చుట్టుకొలత 2,000 అని మారిస్తే 5.4 కి.మీ. అయింది, లెక్క నిలిచింది. 1,00,000 లాగుళ్లకు మీటరు మీద 200 కి.మీ. రావాలి.

మిగతా తంటాలు: స్ప్రింగు కొక్కెం వంపు దగ్గర రెండుసార్లు విరిగింది, కొక్కేనికి బదులు చివరి చుట్టులోంచి బోల్టు వేస్తే ఆగింది. మోటారు బ్రష్షులు వేడెక్కుతాయి, రెండు గంటలకోసారి ఆపాలి, ఫ్యాను పెట్టాలి. కరెంటు పోయి వచ్చినప్పుడు తనంతట తాను తిరగకుండా రిలే పెట్టాలి. చెయ్యి క్రాంకు దగ్గర ఉన్నప్పుడు కరెంటు వస్తే వేలు పోతుంది.

ఫలితాలు:

కార్బన్: 1,00,000 పూర్తి. గేజ్ 1.98 నుంచి 1.99. బిళ్ల శబ్దంలో మార్పు లేదు.
స్టీలు: 1,00,000 పూర్తి. 2.66 దగ్గరే ఉంది.
అల్యూమినియం: 31,400 దగ్గర కొత్త పగులు. వెల్డింగులో కాదు, దానికి 6 మి.మీ. పక్కన, మెత్తబడిన చోట.

ఈ అంకెలను ఎంతవరకు నమ్మొచ్చో చెప్పాలి. ఐఎస్ఓ 4210 అనే అంతర్జాతీయ సైకిల్ భద్రత ప్రమాణంలో పెడల్ పరీక్ష కూడా 1,00,000 సార్లే, కానీ లాగుడు 1,000 న్యూటన్లు, రకాన్ని బట్టి అంతకన్నా ఎక్కువ. దానికి తోడు 22.5 కిలోల బరువు పడేసే పరీక్ష వేరే ఉంది. మన లాగుడు ఆ 1,000లో సగం కూడా లేదు. ఇది సర్టిఫికెట్ కాదు, మూడు మరమ్మతుల మధ్య పోలిక.

స్టీలుకు ఒక హద్దు ఉంది. ఆ హద్దుకు కింద ఎన్ని లక్షల సార్లు లాగినా అలసట పగులు రాదు. అల్యూమినియంకు ఆ హద్దు లేదు, చిన్న బరువైనా లెక్కలో జమ అవుతూనే ఉంటుంది. అందుకే తయారీదార్లు అల్యూమినియం ట్యూబులను లావుగా చేసి వంపు తగ్గిస్తారు. లావు చేసిన అల్యూమినియం ఎంత నిలుస్తుందో 1997లో జర్మనీలో పన్నెండు ఖరీదైన ఫ్రేములను యంత్రం మీద పెట్టినప్పుడు తేలింది. చివరిదాకా పగలకుండా నిలిచినవి మూడు: రెండు అల్యూమినియం, ఒకటి కార్బన్. స్టీలు, టైటానియం ఫ్రేములన్నీ పగిలాయి. కాబట్టి మెటీరియల్ పేరు చూసి ఇది ఆగుతుంది, అది ఆగదు అనడం కుదరదు. ట్యూబు ఎలా గీశారు, అతుకు ఎలా వేశారు అన్నదే పెద్ద మాట. మెటీరియల్ నిర్ణయించేది పగులు ఎలా వస్తుంది, వచ్చాక మన ఊళ్లో ఏం చేయగలం అన్నది.

ఖర్చు: మోటారు 600, సప్లయి 650, స్ప్రింగులు, బోల్టులు 240, మీటరు 400. మొత్తం రూ. 10,280.

దశ 8: బిగింపు, చెమట, రోడ్డు

కార్బన్ ఫ్రేమును తొక్కి విరగ్గొట్టడం కష్టం, అలెన్ కీతో విరగ్గొట్టడం తేలిక. సీటు గొట్టం క్లాంపు మీద రాసిన అంకె మామూలుగా 4 నుంచి 6 న్యూటన్ మీటర్లు. చిన్న అలెన్ కీతో మామూలుగా బిగించినా అంతకు మించి పడొచ్చు. గొట్టం జారుతోందంటే ఇంకా బిగించడం కాదు, కార్బన్ పేస్టు రాయాలి. అందులోని ఇసుక లాంటి పలుకులు తక్కువ బిగింపులోనే పట్టు ఇస్తాయి. గ్రీజు వద్దు.

రెండోది చెమట. కార్బన్, అల్యూమినియం ఉప్పునీటిలో ఆనుకుంటే చిన్న బ్యాటరీ తయారవుతుంది, తినేసేది అల్యూమినియంనే. కార్బన్ ఫ్రేములో అల్యూమినియం సీటు గొట్టం తెల్ల పొడి పట్టి ఇరుక్కుపోయేది దీనివల్లే. మూడు నెలలకోసారి బయటికి తీసి తుడిచి, పేస్టు రాసి వేయాలి. అల్యూమినియం మీద కార్బన్ అతుకు వేయాల్సి వస్తే మధ్యలో ఒక పొర గాజు గుడ్డ వేయాలి, రెండూ తగలకూడదు.

మూడోది మోత. బస్సు టాపు మీదో రైలు లగేజీలోనో సైకిల్ తరచూ ఎక్కేవాళ్లకు స్టీలే మేలు. తాడు బిగింపు, పక్క సామాను అంచు, అన్నీ ట్యూబు గోడ మీద అడ్డంగా నొక్కేవే. కార్బన్‌కు తట్టుకోలేని దిశ అదే. కారు వెనక ర్యాకు దవడలు కూడా టాప్ ట్యూబును పట్టకూడదు, చక్రాలను పట్టాలి.

రోడ్డు పరీక్షకు చెర్లోపల్లి, శ్రీనివాసమంగాపురం, రంగంపేట మీదుగా భాకరాపేట ఘాట్ దాకా. ఘాట్ దిగేటప్పుడు బ్రేకులు, స్పీడ్ బ్రేకర్లు, గతుకులు ఒకేసారి వస్తాయి. తిరిగొచ్చాక తట్టి చూసే పటం, గేజ్ రెండూ: 1.99, అణిగిన గడి ఒక్కటీ లేదు. అతుకు అంచు చుట్టూ పైపూతలో వెంట్రుక గీత ఉందా అని 10 రెట్లు చూపే భూతద్దంతో చూడాలి. గీత ఉంటే ముందు పైపూత గీకి చూడాలి. చాలాసార్లు అది పెయింటుదే అవుతుంది, పోగు దాకా పోదు.

పైపూత రెండు భాగాల క్లియర్ కోటు, ఎండలో జిగురు పాడవకుండా. కార్బన్ చివరి బరువు 1,089 గ్రా., అంటే మొదటికన్నా 9 గ్రా. ఎక్కువ. ఖర్చు 480. మొత్తం రూ. 10,760, అందులో మళ్లీ మళ్లీ వాడుకునే సాధనాలవి దాదాపు సగం.

ఇలాంటి అతుకు టాప్ ట్యూబు, చైన్‌స్టే, సీట్‌స్టే (సీటు కిందనుంచి వెనక ఇరుసు దాకా పోయే గొట్టం) మధ్యల్లో చేయొచ్చు. ఫోర్కు స్టీరర్ గొట్టానికి (హెడ్ ట్యూబులోకి దూరే భాగం), హ్యాండిల్ బారుకు, హెడ్ ట్యూబు అతుక్కు చేయొద్దు. అవి విరిగితే ముందుగా చెప్పవు, పళ్లు పోతాయి. అలాంటివి కొత్తవి కొనుక్కోవడమే. అల్యూమినియం ఫ్రేమును మళ్లీ వెల్డింగు చేయించలేదు. దాని ట్యూబులను 200 మి.మీ. ముక్కలుగా కోసి, తర్వాతి సుత్తి పరీక్షలకు పక్కన పెట్టాం.